ఏ తట్టకు ఎంత ఆకు

పట్టుపురుగులు సగం చచ్చిపోయాయి. చంపింది చిన్నకోడలు అమరావతి అని తేల్చేశారు.

ఎనభై నాలుగులో, పుంగనూరు దగ్గర ఒక పల్లెలో జరిగిన సంగతి ఇది. మునిరత్నం, గంగాధరం అన్నదమ్ములు. వేరుశనగతో విసిగిపోయి మల్బరీ వేసి, పట్టుపురుగులు పెంచుతున్నారు. వాళ్లు పెంచుతున్నారనడం మనకు నోటి అలవాటు, అంతే. ఆకు కోసేదీ, తరిగేదీ, వేళకు తట్టల్లో వేసేదీ, పెంట ఎత్తేదీ పెద్దకోడలు రాజేశ్వరమ్మ, చిన్నకోడలు అమరావతి. మదనపల్లెలో శిక్షణ ఇస్తే మగవాళ్లు పోయివచ్చారు. ఆడవాళ్లను ఎవరూ పిలవలేదు. ముట్టయిన ఆడది పురుగుల గదిలో అడుగు పెడితే పురుగు చస్తుందన్న పాఠం మాత్రం వాళ్లకు ఇంట్లోనే దొరికింది.

అమరావతికి పెళ్లయి ఆరు నెలలు. మొన్న పొద్దున ఆకు వేసి బయటికి వచ్చాక తెలిసింది, ముట్టయిందని. దాచుకునే తెలివి ఇంకా రాలేదు పాపం, అత్తతో చెప్పి దూరంగా కూర్చుంది. మర్నాడు పురుగులు తలలెత్తి, పచ్చటి నీళ్లు కక్కి చచ్చాయి.

ఊరిపెద్ద గోపాలస్వామి వచ్చి అరుగు మీద కాలు మీద కాలేసుకున్నాడు.

"ఆ పాపను కుప్పంలో పుట్టింట్లో ఇడిసిపెట్టి రాండప్పా. అది ఇంట్లో ఉన్నన్నాళ్లు మీకు పురుగు నిలవదు."

ఎన్నాళ్లకు తిరిగి తేవాలో ఆయన చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. గంగాధరం తలొంచుకుని పెళ్లాం ట్రంకు పెట్టెకు తాడు కట్టసాగాడు. రెండు గంటలకు బస్సు.

"అక్కా, నిజంగా నేనే సంపినానా?" అంది అమరావతి.

రాజేశ్వరమ్మకు ఒళ్లు మండిపోయింది. అయినా ముందు నిదానంగానే మొదలుపెట్టింది.

"టమోటా మడి పక్కన కోసిన ఆకు ఏసిన తట్టలే సచ్చినాయి. మొన్న ఆ మడికి మందు కొట్టింది ఎవరు?"

కొట్టింది ఆమె మొగుడు మునిరత్నమే. "టమోటాకు కొడితే పురుగు యాల సస్తాది? నోరు మూసుకో" అన్నాడు.

"ఈ పాప ఏసిన తట్టలు బాగుండాయి. పోయి సూడండి."

ఎవరూ లేవలేదు. పురుగుల గది అక్కడికి పది అడుగులు. ఒక ఆడపిల్ల బతుకు తేల్చడానికి కూర్చున్న మగవాళ్లకు ఆ పది అడుగులు బరువైపోయాయి!

రాజేశ్వరమ్మ గోడ వైపు చూసింది. అక్కడ పటంలో మునిరత్నం శాలువా కప్పుకుని నవ్వుతున్నాడు. నిరుడు పట్టుగూళ్లకు మొదటి బహుమతి వచ్చినప్పటి ఫోటో. ఆ పంట చివరి వారంలో, పురుగు ఆబగా తినే రోజుల్లో, అత్తకు నడుము పట్టేసింది. రాజేశ్వరమ్మ ముట్టయి కూడా మూడు రోజులూ లోపలే ఉండి ఆకు వేసింది. ఎవరికీ చెప్పలేదు. పైగా అమరావతి కాపురానికి వచ్చినప్పుడు ఆ నియమం నేర్పింది తానే. ఇప్పుడు వచ్చిన కోపంలో సగం తన మీదే.

పటం దించి తెచ్చి ట్రంకు పెట్టె మీద పెట్టింది.

"నన్నూ పంపించండి. ఈ బహుమతి పంటకు మూడు దినాలు నేను ముట్టుతోనే ఆకు ఏసినా. అప్పుడు పురుగు సావలేదే? శాలువా కప్పినారే? పంట వస్తే నీ గొప్ప, పోతే మా ముట్టా?"

మునిరత్నం చెయ్యి లేచింది. ఆమె కదలలేదు. కాసేపటికి చెయ్యే దిగింది. గోపాలస్వామి తువ్వాలు దులిపి, "ఇంటి మాటలు మీరే సూసుకోండి" అంటూ జారుకున్నాడు. అంతవరకు ఇంటి మాట కాదు కాబోలు.

అక్కాచెల్లెళ్లలా ఇద్దరూ పెట్టె పక్కన అరుగు మీద కూర్చున్నారు. రెండు గంటల బస్సు పోయింది. అత్త వెంకటమ్మ లోపలినుంచి అరిచింది: "ఆకు ఏళ దాటిపోతాండాది. మిగిలినవి గూడా సస్తాయి."

మునిరత్నం విసురుగా పోయి ఆకు గంప ఎత్తుకుని పురుగుల గదిలోకి దూరాడు. తర్వాత గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏ తట్టకు ఎంత ఆకు ఎయ్యాల?"

"నన్ను అడగొద్దు. పటాన్ని అడుగు" అంది రాజేశ్వరమ్మ.

తమ్ముడి వైపు చూశాడు. గంగాధరానికీ తెలియదు. గంప పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు మొదటి బహుమతి రైతు. ఆ ఇంట్లో బావ మరదలిని పేరు పెట్టి పిలిచింది లేదు. ఆ రోజు పిలిచాడు.

"అమ్మా అమరావతీ, లోపలికి రామ్మా. ఆకు ఎయ్యాల."

అమరావతి లేవలేదు. అక్క ముఖంలోకి చూసి, "ముందు ఆ పెట్టెను ఇంట్లో పెట్టమను" అంది.