తొమ్మిదిసార్లు చెరిపిన మాట

పొద్దున్నే సీసాలు కడగడం, ఊరి ట్యాంకుల నుంచి తెచ్చిన నీళ్ళు పరీక్షించడం, వచ్చిన అంకెలు ల్యాప్‌టాప్‌లో ఎక్కించడం. పదకొండేళ్ళుగా ఆ నీళ్ళ పరీక్షల గదిలో ఆమె పని ఇదే. అందరూ సీసాలక్కయ్య అంటారు. ఆవిడ అంకె వేసిందంటే తిరుగులేదు. అలాంటి మనిషి ఆ రోజు పొద్దుటి నుంచీ ఒక్క ఉత్తరంతో కుస్తీ పడుతోంది.

మూడో ట్యాంకు నీళ్ళు బాగాలేవని ఆమె వేసిన అంకె మేనేజరుకి మింగుడుపడలేదు. "పరీక్షలో పొరపాటు చేశాను, క్షమించండి అని రాసి ఐదింటికల్లా ఇవ్వు. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు. పై ఆఫీసువాళ్ళు నంబరు వేసి పంపిన ఫారం ఇదొక్కటే ఉంది, దీని మీదే ప్రింటు తియ్యి" అన్నాడు.

ఆమె "మూడో ట్యాంకు నీళ్ళు తాగడానికి పనికిరావు" అని టైపు చేసేది. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలు గుర్తొచ్చి చెరిపేసేది. అలా తొమ్మిదిసార్లు. పదోసారి పళ్ళు బిగించి క్షమాపణే రాస్తుంటే ఠక్కున కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిన ల్యాప్‌టాప్ కాబట్టి అదీ పోయింది.

కరెంటు తిరిగొచ్చాక అది నత్తనడక పట్టింది. ఒక అక్షరం కొడితే తెర మీదికి వచ్చేసరికి ఒక సీసా కడిగేయొచ్చు. కింది అంతస్తులో రిపేరు షాపు పెట్టుకున్న బాబాయికి కబురు పెట్టింది.

బాబాయి వచ్చి లోపల ఏవేవి నడుస్తున్నాయో చూశాడు. డిస్కు పరీక్ష పెట్టాడు, బాగానే ఉంది. ఛార్జరు మార్చాడు, లాభం లేదు. చివరికి అడుగున చెయ్యి పెట్టి చూశాడు.

"కాలిపోతోంది కదే అమ్మాయ్! ఫ్యాను తిరగట్లేదు. వేడెక్కితే ఇది నడక తగ్గించేస్తుంది" అంటూ స్క్రూలు విప్పాడు.

ఫ్యాను నిండా చెరిపేసిన మాటలు ఇరుక్కుని ఉన్నాయి.

"అనుకున్నా. మామూలుగా ఓ మూల పడుంటాయి. కరెంటు ఇలా పోయినప్పుడే పట్టు తప్పి ఫ్యానులోకి జారతాయి" అని వాటిని బ్రష్షుతో ఒక డబ్బా మూతలోకి దులిపాడు. రాలినవి చదవకుండా ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యడం బాబాయి పద్ధతి. ఈసారి మాత్రం మూత కేసి చూస్తూ ఉండిపోయాడు.

"చదవకూడదు. కానీ ఒకే మాట తొమ్మిదిసార్లుంటే కళ్ళు మూసుకోమంటావా? మా ఇంటి కుళాయికి వచ్చేది మూడో ట్యాంకు నీళ్ళేనే."

ఆమెకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"పారేస్తే పారెయ్. వాడుకుంటే మాత్రం జాగ్రత్త. ఒకసారి చెరిపిన మాట రెండోసారి చెరగదు."

"తెలుసు బాబాయ్."

ల్యాప్‌టాప్ చకచకా తెరుచుకుంది. సగంలో పోయిన క్షమాపణ దొరికింది, తెరవాలా అని అడిగింది. ఆమెకి భయం వేసింది. భయం కన్నా కోపం ఎక్కువ వేసింది. వద్దని నొక్కి, ఫారం ముందుకి లాక్కుని, మూత దాని మీద బోర్లించింది. తొమ్మిది వరసలూ కుదురుగా అంటుకున్నాయి. కింద సంతకం పెట్టింది.

ఐదుకి పది నిమిషాలుందనగా మేనేజరు దాన్ని చూశాడు.

"ఏమిటిది? తీసెయ్!"

"రాదు సార్."

ఆయన గోటితో గీకాడు, రబ్బరుతో రుద్దాడు, తెల్లరంగు పూశాడు. రంగు ఆరేలోపే మాటలు పైకి తేలాయి. మేనేజరు మూడు చెరువుల నీళ్ళు తాగాడు.

"నీ ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించుకున్నావా?"

"తొమ్మిదిసార్లు ఆలోచించుకున్నాను సార్."

ఐదయింది. ఉత్తరాలు తీసుకెళ్ళే మనిషి సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు. పంపకపోతే పై ఆఫీసువాళ్ళు అడుగుతారు, పంపడానికి ఇంకో ఫారం లేదు. మేనేజరు ఆ కాగితాన్నే కవరులో పెట్టాడు.

రెండ్రోజులకి పై ఆఫీసువాళ్ళు వచ్చి మూడో ట్యాంకుకి తాళం వేశారు. మళ్ళీ పరీక్ష చెయ్యండి, ఆవిడ చేతే చేయించండి అని రాసిచ్చి వెళ్ళారు. సీసాలక్కయ్య సీసాలు కడిగింది, నీళ్ళు తెచ్చింది, వచ్చిన అంకె చూసింది. ఒక్కసారే టైపు చేసింది.