క్వాలిఫై అయిన మా తమ్ముడు

మా పాలకొల్లులో క్వాలిఫై అన్న ఇంగ్లీషు మాటకి ఒకటే అర్థం. కోచింగ్ సెంటర్ బోర్డు మీద పాస్‌పోర్ట్ ఫొటోల కింద రాసి ఉంటుందే, అదీ. ఎంసెట్‌లో క్వాలిఫై, బ్యాంకు పరీక్షలో క్వాలిఫై. అంటే గట్టెక్కాడు, ఇక వీడికి ఢోకా లేదు అని. ఆ మాటకి చివర చిన్న తోక తగిలించి క్వాలిఫయింగ్ అంటే ఇంకా గట్టెక్కలేదని అర్థమని ఈ ఊరికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూతు నడుపుకునే దుర్గాశ్రీ చెబితే వినేంత తీరిక ఇక్కడ ఎవరికుంది?

మా తమ్ముడు గణేష్‌బాబు మిలట్రీలో సిపాయి. అక్కడ వాడి పరుగు చూసి ఎవరో ఆఫీసరు రగ్బీ జట్టులో వేశాడు. ఒలవని కొబ్బరికాయంత బంతి, రెండువైపులా మొనలు. దాన్ని చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, అవతలివాళ్ళు మీదపడి కింద పడేస్తారు. వాడు అందులోనే పైకొచ్చి పైకొచ్చి రెండువేల అయిదులో ఇండియా జట్టుకి ఎంపికయ్యాడు. ఆ సంగతి చెబితే మా నాన్న బుల్లబ్బాయి, "బంతాట కూడెడతాదేంటే?" అన్నాడు. అంతే, ఇంకో ప్రశ్న అడగలేదు. కొబ్బరి ధర మాత్రం అడిగాడు.

ఓ మధ్యాహ్నం బూతులో ఫోను మోగింది. ఏదో దేశం నుంచి వాడే. లైను గరగరలాడుతోంది. "అక్కా, నిన్న వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్ ఆడానే. నాన్నకి ఒక సంగతి చెప్పాలి, నాన్నున్నాడా?" అన్నాడు. నాన్న మార్కెట్టుకి వచ్చి నా బూతులోనే కూర్చుని సోడా తాగుతున్నాడు. రిసీవరు లాక్కున్నాడు.

"ఏంట్రా? వరల్డ్ కప్పా? క్వాలిఫై అయ్యావా? ఒరే, ఇనపడట్లేదు, గట్టిగా చెప్పు! క్వాలిఫై అయ్యావా?"

అవతల వాడేమన్నాడో గాని లైను కట్టయింది. నాన్న రిసీవరు పెట్టేసి బయటికెళ్ళి అరటిపళ్ళ బండివాడికి చెప్పాడు. ఆ బండివాడికి చెబితే ఇక రేడియోకి చెప్పక్కర్లేదు.

"నాన్నా, క్వాలిఫయింగ్ మ్యాచ్ అంటే అందులో నెగ్గితేనే పైకి వెళ్తారు. ఆడాడని చెప్పాడు గాని నెగ్గాడని చెప్పలేదు," అన్నాను.

"నువ్వు పదో తరగతి రెండుసార్లు రాశావు. నీకేం తెలుసే క్వాలిఫై సంగతి?" అన్నాడు.

మూడో రోజుకి సంగతి హరిబాబు గారి చెవిన పడింది. హరిబాబు గారికి రైసుమిల్లు ఉంది, వేళ్ళకి ఉంగరాలున్నాయి, రాబోయే మున్సిపల్ ఎన్నికల్లో కౌన్సిలర్ అవుదామన్న కోరిక ఉంది. లేనిది సిగ్గొక్కటే, దాని అవసరం ఆయనకి ఇంతవరకూ పడలేదు. తమ్ముడు సెలవు మీద వస్తున్నాడని తెలియగానే పౌరసన్మానం అన్నారు. కారేసుకుని మా ఇంటికొచ్చి, నాన్నని "బుల్లబ్బాయి గారూ" అని పిలిచారు. అంతకుముందు వడ్లు తోలినప్పుడల్లా "ఒరే బుల్లబ్బాయ్" అనే మనిషి. ఆ గారు కోసం మా నాన్న ఏ అబద్ధానికైనా తలూపేవాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తమ్ముడు బస్సు దిగకముందే బస్టాండు నిండా ఫ్లెక్సీలు వెలిశాయి. వరల్డ్ కప్ రగ్బీ క్వాలిఫైడ్ గణేష్‌బాబుకి స్వాగతం. అందులో తమ్ముడి బొమ్మ గోళీకాయంత, హరిబాబు గారి బొమ్మ గుమ్మడికాయంత.

ఆ రాతలు రాసిచ్చింది కోచింగ్ సెంటర్ లక్ష్మీనరసింహం గారు. ఇంగ్లీషు ఎమ్మే. ఆయనకైనా తెలిసుండాలి కదా అని నా బూతుకి జిరాక్సులకి వచ్చినప్పుడు అడిగాను.

"మాస్టారూ, క్వాలిఫయింగ్ అన్నాడండి మావాడు. క్వాలిఫైడ్ అని రాశారేంటండి?"

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఫ్లెక్సీకి గ్రామరుండదమ్మా," అన్నారు. పిల్లల తల్లిదండ్రులు పొలాలమ్మి ఈయన దగ్గర చదివిస్తున్నారు!

తమ్ముడు బస్సు దిగినరోజు ఎడమ భుజానికి కట్టు ఉంది, కనుబొమ్మ మీద కుట్లున్నాయి. దిగడం దిగడమే ఫ్లెక్సీ చూసి నా బూతులోకి దూరాడు.

"ఏంటక్కా ఇది? మేం ఓడిపోయాం."

"నాకు తెలుసురా. నాకొక్కదానికే తెలుసు. అసలు ఆ వ్యవహారమేంటో నాకు అర్థమయ్యేలా చెప్పు."

వాడు చెప్పాడు. నాలుగేళ్ళకోసారి వరల్డ్ కప్పు. ఇరవై జట్లాడతాయి. పోయినసారి బాగా ఆడిన ఎనిమిది జట్లకి ఏ పోటీ లేకుండా నేరుగా చోటు. మిగతా చోట్లకి ఖండాల వారీగా కొట్టుకోవాలి. ఆసియా మొత్తానికి ఖాయంగా ఇచ్చేది ఒక్కటి. దానికోసం మెట్లు మెట్లుగా పోటీలు, ఒక మెట్టు మీద నెగ్గినవాడే పై మెట్టెక్కుతాడు. మనవాళ్ళు ఉన్నది అడుగు మెట్టు. అక్కడ కూడా చిత్తుగా ఓడిపోయారు.

"కానీ అక్కా, నేను ఒక ట్రై చేశాను," అన్నాడు. మొహం వెలిగిపోయింది.

"పోన్లేరా, ట్రై చేశావు కదా, అదే పదివేలు," అన్నాను.

వాడు నవ్వాడు. ట్రై అంటే ప్రయత్నం కాదట. బంతిని పట్టుకుని పరిగెత్తి, అవతలివాళ్ళ చివరి గీత దాటి, నేలకి నొక్కాలి. అలా నొక్కితే దాన్నే ట్రై అంటారు. ఐదు పాయింట్లు. ఆ మ్యాచ్‌లో ఇండియాకి వచ్చింది ఆ ఐదే, తెచ్చింది వాడొక్కడే. అవతలివాళ్ళు అంతకుముందెప్పుడూ మన జట్టుని గీత దాటనివ్వలేదట.

"ఇది నాన్నకి నేనే చెప్పాలక్కా. నువ్వు చెప్పకు. బంతాట కూడెడతాదా అన్నాడు కదా. ఆ ఒక్క పరుగు సంగతి ఆయన నా నోటితో వినాలి. ఇంకేం వద్దు నాకు."

బండెడు మిలట్రీవాళ్ళు మెచ్చుకున్నా చాలదు వీడికి, తోటలో కొబ్బరికాయలు లెక్కపెట్టుకునే ఆ మనిషి మెచ్చుకోవాలి. ఈలోపు హరిబాబు గారి మనుషులొచ్చి దండ వేసి వాడిని కారెక్కించేశారు. నాన్న ముందు సీట్లో ఉన్నాడు, కొత్త చొక్కాలో. వాడు వెనక నుంచి "నాన్నా" అని పిలుస్తూనే ఉన్నాడు. మేళం మోతలో ఆయనకి వినపడలేదు.

సాయంత్రం సభ. వేదిక మీద ముందు వరసలో హరిబాబు గారు, మాస్టారు, నాన్న, తమ్ముడు. నేను కింద ఆడవాళ్ళ కుర్చీల్లో కూర్చున్నాను. లక్ష్మీనరసింహం గారు రగ్బీ గొప్పతనం గురించి మాట్లాడారు. అందులో సగం క్రికెట్టు, సగం ఆయన కోచింగ్ సెంటర్ ఫలితాలు. తరవాత మైకు తమ్ముడికిచ్చారు.

"అందరికీ నమస్కారమండి. ఒక పొరపాటు జరిగిందండి. మేం వరల్డ్ కప్‌కి వెళ్ళట్లేదండి," అన్నాడు.

జనం జోకు కాబోలనుకుని నవ్వారు. వాడు ఆగలేదు.

"క్వాలిఫయింగ్ అంటే, మన శివారు చేలకి నీళ్ళొచ్చినట్టేనండి. కాలవ మొదట్లో ఉన్నోళ్ళకి అడక్కుండానే పారతాయి. మనం చిట్టచివరున్నాం. పై వాళ్ళందర్నీ దాటుకుంటూ వెళ్తేనే మన వంతు. మనం మొదటి తూము కాడే ఆగిపోయామండి. క్వాలిఫై కాలేదండి."

వెనక నిలబడిన రైతులు కొందరు తలలూపారు. వాళ్ళకి అర్థమయింది. ఊళ్ళో ఇంగ్లీషు రానివాళ్ళకి అర్థమయింది, వచ్చినవాళ్ళకి అవ్వలేదు. తమ్ముడు నాన్న వైపు తిరిగాడు.

"కాకపోతే నాన్నా, నేను ఒక ట్రై చేశాను..."

హరిబాబు గారు చటుక్కున లేచి మైకందుకున్నారు. మనిషిని చూస్తే కంగారే లేదు. మిల్లులో నూక బియ్యాన్ని సన్నబియ్యంలో కలిపే చెయ్యి అది.

"చూశారా అండీ! ఎంత వినయం! అంత దూరం వెళ్ళొచ్చి కూడా, ఏదో ట్రై చేశానండి అంటున్నాడు! ఇంకా క్వాలిఫై కాలేదండి అంటున్నాడు! నిండుకుండ తొణకదంటారు, ఇదేనండి!"

'ఇంకా' అన్న మాట తమ్ముడు అనలేదు. హరిబాబు గారు తగిలించారు. చప్పట్లతో షామియానా ఎగిరిపోయిందనుకోండి. నా పక్కనున్నావిడ, "ఎంత అణకువమ్మా మీ తమ్ముడికి," అని కళ్ళొత్తుకుంది. హరిబాబు గారు అంతటితో వదల్లేదు. కుర్రాడు నీళ్ళ మాటెత్తాడు గనక తను గెలిస్తే శివారు భూములకి నీళ్ళు తెప్పిస్తానని హామీ కూడా ఇచ్చేశారు. కౌన్సిలరుకి కాలవతో ఏం పనో అడిగినవాడు లేడు. తమ్ముడు మళ్ళీ మైకు కోసం చెయ్యి చాచాడు. ఆ చేతిలో శాలువా పెట్టి ఫొటో తీయించుకున్నారు.

చెవిటివాడి ముందు శంఖమూదితే, ఏంటి నాయనా కొరుకుతున్నావు అనైనా అడుగుతాడు. మా ఊరు అదీ అడగదు, చప్పట్లు కొడుతుంది.

నాన్న మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన వాడి పక్క కుర్చీలోనే ఉన్నాడు, ప్రతి మాటా విన్నాడు. మర్నాడు పొద్దున్న పెరట్లో కొబ్బరికాయల రాశి దగ్గర తమ్ముడిని కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

"అయితే వరల్డ్ కప్పు లేదన్నమాట."

"లేదు నాన్నా."

"మరా ట్రై ఏంట్రా? ట్రై చేశానని నాకేసి తిరిగి మరీ చెప్పావు. ఓడిపోయినోడెవడైనా ట్రై చేశాననే చెబుతాడు గదా?"

తమ్ముడు లేచాడు. రాశిలోంచి ఒక కాయ తీసి కుడిచంకలో పెట్టుకున్నాడు. "ఆవేళ కుండపోత వాన నాన్నా. గ్రౌండంతా దమ్ము చేసిన బురదచేలా అయిపోయింది. వాళ్ళు ఒక్కొక్కడూ గేదంత ఉన్నారు, కాలెయ్యడమే తెలీట్లేదు వాళ్ళకి, దిగబడిపోతున్నారు. నేను చిన్నప్పటినుంచీ అందులోనే కదా."

"మునివేళ్ళు ముందు దింపావా?" అన్నాడు నాన్న.

"నువ్వు నేర్పినట్టే. ఇద్దరిని తప్పించుకున్నాను. మూడోవాడు నడుం పట్టుకున్నాడు. వాడిని ఈడ్చుకుంటూనే గీత మీద పడి, ఇదిగో, ఇలా నొక్కాను." కాయని మట్టిలో నొక్కి చూపించాడు. కట్టున్న భుజం నొప్పెట్టి మొహం ముడుచుకున్నాడు గాని, కాయ వదల్లేదు.

నాన్న ముందుకి వంగాడు. తన చెయ్యి కూడా ఆ కాయ మీద వేసి నొక్కాడు. "ఇలాగా?" అన్నాడు. మా నాన్న మొహం అంత మెత్తగా అవడం నేనెప్పుడూ చూడలేదు. గుమ్మంలో నిలబడిన నాకు ఏడుపొచ్చినంత పనయింది. అబ్బ, వీడు కోరుకున్నది దొరికిందిరా భగవంతుడా అనుకున్నాను.

"దానికెన్నిచ్చారు?"

"ఐదు నాన్నా."

"మనోళ్ళందరివీ కలిపి?"

"ఆ ఐదే. ఇంకెవరూ చెయ్యలేదు."

"ఓరి నీ..." అని నాన్న వాడి వీపు మీద చరిచి నవ్వాడు. "మరి అవతలోళ్ళకి?"

తమ్ముడు దాచలేదు. వాడికి దాచడం చేతకాదు.

"ఎనభై రెండు."

నాన్న చెయ్యి కాయ మీంచి తీసేశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఆ ఐదు సంగతి ఎవరికీ చెప్పకురా," అన్నాడు. "అవతలోడికెన్నొచ్చాయని అడుగుతారు."

నాకు నాన్న మీద అసహ్యం వేసింది. ఏదో ఒకటి అనేద్దామని గుమ్మం దిగాను. తమ్ముడు వద్దన్నట్టు నావైపు చూశాడు.

"అలాగే నాన్నా," అన్నాడు.

నాన్న లోపలికెళ్ళి నిన్నటి కొత్త చొక్కానే వేసుకుని, కండువా సర్దుకుని మార్కెట్టుకి బయల్దేరాడు. వీధిలో ఎవరో "ఏమండోయ్, వరల్డ్ కప్ గారి నాన్నగారూ!" అని కేకేశారు.

"ఆయ్, వస్తున్నానండి," అన్నాడు మా నాన్న.