మాణిక్యమ్మ మర్యాద

ఉయ్యూరులో మాణిక్యమ్మ పిలుపంటే పిలుపే. అవతలివాళ్లు ఫోనెత్తగానే బతికే ఉన్నారా అని మొదలుపెట్టి, వాళ్లు ఎగ్గొట్టిన పెళ్లిళ్లూ పేరంటాలూ ఏకరువు పెట్టి, చివర్లో ముహూర్తం చెప్పేది. తిట్లు తిన్నవాళ్లు తప్పకుండా వచ్చేవారు.

అలాంటిది, విజయవాడలో కొన్న ఫ్లాటు గృహప్రవేశానికి పిలుపుల పనిని మనవడు కిరీటి ఏఐకి అప్పగించాడు. ఆవిడ గొంతుతో అదే ఫోన్లు చేసేస్తుందనీ, ఇక శ్రమ పడక్కర్లేదనీ చెప్పి, గొంతు కాస్త రికార్డు చేసుకున్నాడు. మాణిక్యమ్మకు కడుపు మండిపోయింది. వంట కోడలిది, పెత్తనం కొడుకుది. ఈ పిలుపులు కూడా పోతే ఇంట్లో తానెందుకు? ఒక్కరూ రాకూడదని మనసారా కోరుకుంటూ గోడవైపు తిరిగి పడుకుంది.

కాఫీలు తాగేలోగా ఏఐ బంధువులందరినీ పిలిచేసింది. గృహప్రవేశం వచ్చేవారమైతే, ఆ మధ్యాహ్నమే వాకిట్లో ఆటోలు ఆగడం మొదలైంది. అందరి చేతుల్లో బత్తాయిలు, గ్లూకోజు పొట్లాలు. హనుమాన్ జంక్షన్ నుంచి ఆడపడుచు వెంకటరత్నమ్మ కూడా దిగింది. తన పులిహోరలో ఉప్పు తక్కువైందన్నందుకు మాణిక్యమ్మ ఆవిడతో మాటలు మానేసి ఏళ్లయింది. గోడవైపు తిరిగి పడుకున్న వదినను చూడగానే వెంకటరత్నమ్మ ఘొల్లుమంది.

"నన్ను వెంకటరత్నమ్మ గారూ అన్నావు వదినా. తమరు విచ్చేస్తే ఆనందమన్నావు. ఒక్క తిట్టు లేదు. ఇంక నువ్వు దక్కవనుకున్నా. ఆ పులిహోరలో ఉప్పు సరిపోయింది వదినా. నేనే కుళ్లుకొద్దీ అన్నా."

మాణిక్యమ్మ తటాలున లేచి కూర్చుంది. "ఈ ముక్క చెప్పడానికి నేను చావాలా ఏమే?"

అక్కణ్ణుంచి అందుకుని, వచ్చినవాళ్లందరినీ పేరుపేరునా కడిగిపారేసింది. తిట్లు పడేకొద్దీ చుట్టాల మొహాలు విచ్చుకున్నాయి. గృహప్రవేశానికి తప్పకుండా వస్తామని ఒట్లు పెట్టి మరీ వెళ్లారు. మాణిక్యమ్మ ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

కిరీటి నసుగుతూ దగ్గరికొచ్చాడు. తప్పు తనదేననీ, ఏఐకి ఆవిడ తిట్లన్నీ నేర్పించి సరిచేస్తాననీ అన్నాడు.

"తిట్లు నాకొదిలెయ్‌రా" అంది మాణిక్యమ్మ, బత్తాయి వలుస్తూ. "గుడివాడ తోడికోడలు ఇంకా రాలేదు. నా గారెలు గట్టిగా ఉన్నాయన్న మనిషి. దాన్ని ఇంకోసారి పిలవమను. ఇంకా మర్యాదగా."