కృష్ణబాబు కూతురి చేతులు

రోజూ ఏడింటి బస్సెక్కి ఏలూరు వచ్చి, పవర్‌పేటలో కంప్యూటర్ క్లాసులో కూర్చునేది బేబీరాణి. వాళ్ల నాన్న కృష్ణబాబు సామాన్యుడు కాడండోయ్! వల విసిరితే కొల్లేట్లో సగం నీళ్లు ఖాళీ. ఈదితే పడవలు సిగ్గుపడి ఒడ్డెక్కేవి. ఆయనకి వచ్చిన పనులన్నీ, ఎవరూ నేర్పకుండానే, కూతురికీ వచ్చేశాయి. ఆయన ఏదైనా మరిచిపోతే ఆ క్షణమే ఆమె కూడా మరిచిపోయేది. వాళ్లింట్లో అంతే.

రెండువేల ఐదు వేసవిలో కృష్ణబాబుకి పక్షవాతం వచ్చింది. అక్కడ కొల్లేటి లంకలో, ఇంటిదగ్గర ఆయన ఎడమ చెయ్యి వాలిపోగానే, ఇక్కడ క్లాసులో బేబీరాణి ఎడమ చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు జారిపోయింది.

"మీ నాన్నగారికి బాగోలేదా అమ్మా?" అంది పెర్సిస్ మేడమ్, బోర్డు తుడుస్తూనే.

"అవునండీ. ఈ చెయ్యే."

"కీబోర్డు మీద పెట్టు."

గ్లాసు ఎత్తలేని వేళ్లు టకటకా కొట్టేశాయి. కంప్యూటరే కాస్త ఆగమ్మా అని బతిమాలేంత వేగం!

"జావా ప్రోగ్రాముల్లోనూ ఇంతే," అంది మేడమ్. "పేరెంట్ క్లాసనే కోడులో ఉన్నవి, దాన్నించి పుట్టే చైల్డ్ క్లాసుకి ఊరికే వస్తాయి. అక్కడ ఏది మారినా ఇక్కడా మారుతుంది. సొంతంగా రాసుకున్నదాని జోలికి మాత్రం రాదు. టైపింగ్ నువ్వు నేర్చుకున్నది."

"మరి మిగతావండీ?"

"అవే పేర్లతో నీవి నువ్వు మళ్లీ రాసుకోవాలి. ఓవర్‌రైడ్ అంటారు. ఆయన పోతే ఆయనవన్నీ నీలోంచి పోతాయి. త్వరపడు."

డాక్టరు నెల అన్నాడు.

బేబీరాణి గోడ పట్టుకుని కొత్త నడక మొదలెట్టింది.

"నా నడకకేం తక్కువే? గణపవరం వెళ్తే ఆడవాళ్లు అరుగులెక్కి చూసేవాళ్లు," అన్నాడు మంచంమీంచి కృష్ణబాబు.

"చూశారు, ఎక్కడ పడతారోనని," అంది మంగాయమ్మ, మొగుడికి జావ పడుతూ.

ఈత నేర్చుకుంటూ కూతురు సగం కాలవ తాగేసింది. అన్నం కలపడం, గ్లాసు ఎత్తడం, మాట్లాడటం, అన్నీ మళ్లీ మొదటినించీ. ఒక్కోటీ వచ్చేకొద్దీ తండ్రి ఆమెని కొత్తగా చూసేవాడు.

"నువ్వెవరి అమ్మాయివి?" అనేవాడు. మొదట్లో అది వేళాకోళమే.

నెల తిరక్కుండానే పోయాడు.

బేబీరాణి కాళ్లమీద నిలబడింది. వచ్చినవాళ్లకి రెండు చేతులతో మంచినీళ్లిచ్చింది. మంగాయమ్మ ఏడుపుకి కొల్లేటి కొంగలన్నీ లేచి సముద్రందాకా పోయాయి. తల్లి పక్కన కూర్చుని బేబీరాణి కూడా నోరు తెరిచింది.

రాలేదు. ఏడవడం కూడా మళ్లీ నేర్చుకోవాలని ఎవరికీ తట్టలేదు.

మంగాయమ్మ తన చెంపమీది తడి వేళ్లతో తీసి కూతురి చెంపకి అద్దింది.

"ఉండనీ," అంది. "జనం చూస్తున్నారు."