ఈజినా తాబేలు

భీమశంకరానికి అరికాలి మంట నెత్తికెక్కింది. పూజామందిరంలో వెండి తాబేలు తళతళలాడుతోంది. వాళ్ళుండే ఫార్మింగ్టన్ హిల్స్ ఊరంతా వినపడేలా అరిచాడు.

“ఎవరు తోమారు దీన్ని?”

“నేనే. నిన్న వరలక్ష్మీవ్రతం కదా, వెండి సామానంతా విభూతి పెట్టి తోమాను,” అంది భార్య త్రివేణి. “మసిబట్టి ఉంది పాపం.”

“మసా! రెండున్నర వేల ఏళ్ళ నలుపు అది! ఈజినా అని గ్రీకు దీవి, ఆ దీవివాళ్ళు తాబేలు బొమ్మతో ముద్దగా కొట్టిన నాణెం. నలుపు పోతే నాణేలు సేకరించేవాళ్ళు దాని మొహం కూడా చూడరు. మధ్యాహ్నం కాయిన్ క్లబ్‌లో డిస్‌ప్లే చెయ్యాలి, తెలుసా?”

ఎంత అన్యాయం! పదేళ్ళు ఆ క్లబ్‌లో వెనక కుర్చీలో కూర్చున్నాక మొదటిసారి ఆయన వంతు వచ్చింది. రెండేళ్ళు వేలాలు కాపేసి కొన్న నాణెం. ఇప్పుడు వెనకవైపు ముద్ర గుంటల్లో విభూతి, తాబేలు వీపున కుంకుమ బొట్టు. చదువుకున్న మనిషివేనా, అడిగి తోమొద్దూ అని చెడామడా తిట్టాడు.

త్రివేణి అక్షింతల గిన్నె కింద పెట్టింది.

“గ్రీకుదా?”

అప్పుడు గాని నోరు జారానని ఆయనకు తట్టలేదు. మార్చిలో నాణెం ఇంటికొచ్చిన రోజు, ఇంకొకటి కొంటే ఊరుకోనన్న ఆవిడ మాటకు జడిసి, అమ్మ శ్రీకూర్మం నుంచి తెచ్చుకున్న కూర్మం, అన్నయ్య పంపాడు అనేశాడు. అబద్ధానికి బలంగా ఉంటుందని తన చేత్తోనే మందిరంలో పెట్టాడు.

“అత్తయ్యదన్నారు. మా రాధాకృష్ణ ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే దీని ముందు కూర్చుని ఏడ్చాను. తమ్ముడికి తగ్గితే శ్రీకూర్మం వచ్చి దీపం పెడతానని మొక్కుకున్నాను. డిసెంబర్‌కి టికెట్ కూడా బుక్ చేశాను. ఒక్క రోజైనా చెప్పాలనిపించలేదా మీకు?”

అనిపించలేదు. ఆ పొద్దుటి పూటలన్నీ ఆయన పక్కనే నిలబడి కాఫీ తాగాడు.

త్రివేణి బొట్టును కొంగుతో తుడిచి, నాణేన్ని ఆయన అరచేతిలో పెట్టింది.

“క్లబ్‌కి టైమవుతోంది, వెళ్ళండి. పాడు చేసింది మా ఆవిడేనని అందరికీ చెప్పండి.”