బిళ్ళలా, పుల్లలా?

నేను కీరదోసకాయల తొక్క తీస్తున్నాను. నా ఎదురుగా వదిన చెక్క మీద కేరట్ పెట్టి తరుగుతోంది. తరగడం అనడం కంటే కుస్తీ పడుతోంది అనడమే సరిపోతుంది. కుడిచేతి బొటనవేలి మొదట్లో వాపు. కత్తి నొక్కినప్పుడల్లా పెదవి కొరుక్కుంటోంది. ముక్క ఒకవైపు కాగితంలా, రెండోవైపు అట్టముక్కలా వస్తోంది.

"ఇలాంటివి చూపిస్తే ఆవిడ నా మొహాన కొడుతుంది" అని కత్తి పక్కన పడేసింది.

ఆవిడంటే ఆఫీసుల భవనం కింద క్యాంటీన్ నడిపే ఆవిడ. ఇంటి దగ్గరే కూరగాయలు తరిగి రోజూ పంపే మనిషి కావాలని వెతుకుతోంది. ఇవాళ ఒక డబ్బా కేరట్, ఒక డబ్బా కీర తరిగి ఉంచమంది. మధ్యాహ్నం లోపు తనే వచ్చి చూస్తానంది. నచ్చితే పని వదినది. నచ్చకపోతే సోమవారం నుంచి మళ్ళీ గోదాముకే. అక్కడ రోజంతా నిలబడి అట్టపెట్టెలకు టేపు అంటించాలి. ఆ బొటనవేలిని అలా చేసింది ఆ టేపు మిషనే. ఇంకొన్నాళ్ళు అదే పని చేస్తే చెంచా కూడా పట్టుకోలేవని డాక్టరమ్మ ముందే చెప్పింది.

"ఆవిడ ఏమందో ఇంకోసారి చెప్పండి" అంది వదిన.

అన్నయ్య గుమ్మం దగ్గర కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఇవాళ అతనికి సెలవు. క్యాంటీన్ ఆవిడ నంబరు చెప్పమంటే వదిన అలవాటు కొద్దీ అన్నయ్య నంబరే చెప్పి వచ్చింది. అందుకే నిన్న ఆవిడ ఫోన్ అతనికి వచ్చింది.

"సన్నగా తరగమంది. ఎన్నిసార్లు చెప్పాలి? కేరట్ ముక్కలకి కూడా ఇంటర్వ్యూలొచ్చాయి, ఏం రోజులో!"

వదిన లేచింది. పర్సు తీసుకుని, "పదమ్మాయ్, తరిగే పనిముట్టు ఒకటి తెచ్చుకుందాం. అరచేత్తో తోస్తే చాలట, వేలితో పనుండదట" అంది.

సామాన్ల కొట్లో నడవడానికి చోటు లేదు. బకెట్లు, చీపుళ్ళు, పైనుంచి వేలాడే జల్లెళ్ళు. కొట్టతను మమ్మల్ని చూడగానే పెద్ద స్టీలు పనిముట్టు ఒకటి బల్ల మీద పెట్టాడు. దానికి నాలుగు రకాల బ్లేడ్లు, మార్చుకోవచ్చు. అతను బంగాళాదుంప ఒకటి తీసి నాలుగు తోపులు తోశాడు. ముక్కలు పేకముక్కల్లా జారిపడ్డాయి. వదిన కళ్ళు మెరిశాయి. ధర విన్నాక ఆ మెరుపు ఆరిపోయింది.

"చవకలో ఏమున్నాయన్నా?"

"చవకవి ప్లాస్టిక్‌వి ఉన్నాయక్కా. అయితే ఒక్కోదానికీ ఒక్కటే బ్లేడు." అతను రెండు తీసి చూపించాడు. ఒకదానికి అడ్డంగా నున్నటి బ్లేడు. రెండోదానికి దువ్వెన పళ్ళలాంటి బ్లేడు. "ఇది బిళ్ళలకి. ఇది పుల్లలకి. మీకేవి కావాలి?"

వదిన నా వైపు చూసింది. నాకేం తెలుసు?

"సన్నగా రావాలన్నా."

"సన్నగా అంటే పుల్లలే అక్కా."

అయినా వదిన నా ఫోన్ తీసుకుని అన్నయ్యకు చేసింది. "ఏవండీ, బిళ్ళలన్నదా, పుల్లలన్నదా?"

అటునుంచి అన్నయ్య గొంతు నాకు కూడా వినిపించింది. "పుల్లలూ లేవు, బిళ్ళలూ లేవు. సన్నగా అంది. అంతే. పెట్టెయ్."

పళ్ళున్నదే కొన్నాం. రెండూ కొనడానికి పర్సు ఒప్పుకోలేదు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు యుద్ధం. పనిముట్టు అడుగున నాలుగు రబ్బరు బుడిపెలున్నాయి. వంటింటి బండకు అతుక్కుంటాయని అది వచ్చిన అట్టపెట్టె మీద బొమ్మ వేసి ఉంది. బండ తుడిచి నొక్కాం, తడిపి నొక్కాం, అతుక్కోలేదు. వదిన ఒక్క తోపు తోస్తే పనిముట్టు గోడ దాకా వెళ్ళింది. చివరికి నేను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

కేరట్ కొంత నయం. మొదట్లో పుల్లలు బాగానే వచ్చాయి. కాసేపటికి పీచు పళ్ళ మధ్య ఇరుక్కుంది. పాత బ్రష్షుతో తోమి మళ్ళీ తోశాం. వేళ్ళు తెగకుండా దానితో పాటు ఇచ్చిన ప్లాస్టిక్ టోపీ కేరట్‌ని పట్టుకోనే లేదు. వదిన దాన్ని విసిరేసింది. రెండు తోపులయ్యాక చూపుడువేలి చివర గీసుకుపోయింది. గుడ్డపేలిక చుట్టుకుని కీర అందుకుంది.

కీర సంగతి చెప్పకపోవడమే మంచిది. తోసిన చోటల్లా నీళ్ళు, గింజలు. డబ్బాలో పడినవి కాసేపట్లోనే నీళ్ళోడుతూ ఒకదాన్నొకటి అంటుకున్నాయి. వడకట్టాం, పొడిగుడ్డలో ఆరబెట్టాం, మళ్ళీ డబ్బాలోకి ఎత్తాం.

అన్నయ్య మంచినీళ్ళకని వంటింట్లోకొచ్చి తొంగిచూశాడు. "ఏంటే మూగమ్మా, మీ వదినకి కాపలా కాస్తున్నావా? అది పారిపోతుందా?"

"పారిపోతోందనే పట్టుకున్నా" అన్నాను.

వదినకు నవ్వు రాలేదు. డబ్బా మీది నీటిచుక్కలు తుడుస్తూ ఉంది.

బయట స్కూటర్ ఆగింది. క్యాంటీన్ ఆవిడ హెల్మెట్ చంకలో పెట్టుకునే లోపలికొచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "తొందరగా చూపించమ్మా, పొయ్యి మీద గిన్నెలున్నాయి."

వదిన రెండు మూతలూ తీసింది. ఆవిడ వంగి చూసింది. రెండు వేళ్ళతో కీర పైకి తీసింది. అది తడిసిన నూలుపోగులా వేలాడింది.

"ఇదేంటమ్మా?"

"సన్నగా తరగమన్నారట కదండీ..."

"సన్నగా ఎవరన్నారు? పలచగా అన్నాను. పలచగా, గుండ్రంగా. బ్రెడ్డు మధ్యలో పేర్చుకోవడానికి. ఈ పోగులు నేనెక్కడ పేర్చను?"

అన్నయ్య వెనకనుంచి, "రెండూ ఒకటేగా మేడం" అన్నాడు.

ఆవిడ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "ఒకటెలా అవుతుంది బాబూ? నువ్వు సన్నగా ఉన్నావు. పలచగా ఉన్నావంటానా? నా టీ పలచగా ఉందని రోజూ తిట్టుకునేవాళ్ళున్నారు. సన్నగా ఉందని ఎవరైనా తిట్టారా?"

ఇంకెప్పుడైనా అయితే నేను నవ్వేదాన్నే. వదిన మొహం చూశాక నవ్వలేకపోయాను.

"ఒక్క గంట ఉండండి, కత్తితో కోసిస్తాను" అంది వదిన.

ఆవిడ ఆ వాచిన వేలిని, చుట్టుకున్న గుడ్డపేలికను చూసింది. గొంతు కొంచెం తగ్గించింది. "గంట నా దగ్గరెక్కడిదమ్మా? ఇవాళ్టికి బయట తరిగినవి కొనుక్కుంటాలే. రేపు ఇంకొకామె తెచ్చి చూపిస్తానంది. ఆమెవి బాగుంటే ఆమెకే ఇచ్చేస్తాను. ఏమనుకోకు."

హెల్మెట్ పెట్టుకుని మెట్లు దిగింది.

అన్నయ్య డబ్బాలోంచి నాలుగు కేరట్ పుల్లలు తీసి నోట్లో వేసుకున్నాడు. "బాగానే ఉన్నాయి కదా. పలచగా అందో, సన్నగా అందో, నిన్న నేనున్న రోడ్డు మీది రొదలో ఎవరికి వినపడి చచ్చింది?"

"మరి షాపులోంచి అడిగినప్పుడు సరిగ్గా వినపడలేదని చెప్పొచ్చుగా అన్నయ్యా" అన్నాను.

"అబ్బో, మూగమ్మకి మాటలొచ్చాయే! ఇప్పుడేం మునిగిపోయింది? సాయంత్రం ఆవిడకి నేను ఫోన్ చేస్తాను. నేను చెప్తే వింటుంది. ఇంకో రోజు టైమివ్వమని అడుగుతా. ఇవ్వకపోతే ఇవ్వదు, గోదాము ఎక్కడికీ పోలేదుగా."

వదిన చేతులు కడుక్కుంది. వేలి గుడ్డ విప్పి కొత్తది చుట్టుకుంది. ఇంకా తరగని కేరట్లు, కీరలు, కత్తి సంచిలో వేసుకుంది. అన్నయ్య నమలడం ఆపాడు.

"ఎక్కడికి? నేను మాట్లాడతానంటున్నాగా. నువ్వెళ్ళి ఏం మాట్లాడతావు? ఆవిడతో ఎలా చెప్పాలో నాకు తెలుసు. నువ్వెళితే అంతా..."

వదిన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. సంచి ఎడమచేతికి మార్చుకుని, స్కూటర్ వెళ్ళిన వైపే, క్యాంటీన్ దారిన నడుచుకుంటూ వెళ్ళిపోయింది.