లొంబె బిళ్ళ

బోర్డు మీద ఒక్క బిళ్ళ కూడా లేదు. అందుకే ఫోనెత్తి "ఖాళీ" అన్నాను. రెండున్నరకు సైరన్ మోగింది. కింద గనిలో మందు పేలింది. ఎప్పటిలాగే నా కాళ్ళ కింద నేల ఒకసారి దగ్గింది. నాలుగింటికి లొంబె శవాన్ని పైకి తెచ్చారు.

ఇరవై రెండేళ్ళుగా గని షాఫ్టు నోటి దగ్గర నా పని అదే. దిగేవాడు తన ఇత్తడి బిళ్ళను మేకుకు తగిలించి దిగుతాడు. పైకి వచ్చినవాడు తన బిళ్ళ తాను తీసుకుంటాడు. ఆఖరి బిళ్ళ కదిలి, నేను ఫోనులో ఖాళీ అనేదాకా మందు పేలదు. గని సర్కారుదై ఉన్న రోజుల్లో ఒక్క బిళ్ళ మిగిలిపోయినా కాలనీ అంతటికీ తెలిసేది. ఆ మనిషి పైకి వచ్చేదాకా అతని వీధిలో ఎవరూ మొక్కజొన్న ఉబ్వాలి ముద్ద నోట పెట్టేవారు కాదు. రాకపోతే, అతని సెక్షను వాళ్ళంతా నడిచి వెళ్ళి ఆ బిళ్ళను అతని భార్య చేతిలో పెట్టేవారు. అది ఆమె చేతికి చేరేదాకా ఎవడూ గనిలోకి దించే కేజ్ ఎక్కేవాడు కాదు.

గని అమ్మేశాక కాంట్రాక్టర్లు వచ్చారు. వాళ్ళ మనుషులకు బిళ్ళలు లేవు. పేర్లు మేస్త్రీ నోటుబుక్కులో ఉంటాయి. ఎవరైనా కింద మిగిలితే మేస్త్రీ ఫోను చేస్తాడు. ఫోను రాకపోతే అందరూ వచ్చినట్టే అనుకోవడం నేర్చుకున్నాను. ఆ రోజు మేస్త్రీ డ్యూటీకే రాలేదు.

నారింజ రంగు బట్టల్లో వాళ్ళు దిగడం మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. బిళ్ళ లేని మొహం మీద నా చూపు ఆగడం మానేసింది. దాన్ని అలవాటు అని చెప్పుకున్నాను. అలవాటు కాదు, సుఖం. లొంబె నా పెరటి గోడ అవతలి గదిలోనే అద్దెకు ఉండేవాడని చనిపోయాక తెలిసింది. కంపెనీ మా ఇళ్ళను మాకే అమ్మినప్పుడు వీధిలో అందరికంటే ముందు గోడ కట్టింది నేనే. పైన గాజుపెంకులు గుచ్చిందీ నేనే.

మర్నాడు పొద్దున లొంబె భార్య షాఫ్టు దగ్గరికి వచ్చింది. పెద్ద కూతురి పేరుతో అందరూ ఆమెను చిసెంగా వాళ్ళమ్మ అంటారు.

"మా ఆయన బిళ్ళ ఇవ్వన్నా."

"లేదమ్మా."

"పోయిందా?"

"అసలు ఇవ్వలేదు."

ఆమె బోర్డు వైపు చూసింది, నా స్టూలు వైపు చూసింది. "మరి ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చుని ఎవర్ని లెక్కపెడుతున్నావు?"

మధ్యాహ్నం మేనేజరు ఒక కాగితం ఇచ్చాడు. లొంబె అనుమతి లేకుండా గనిలోకి దిగాడని అందులో ఉంది. నేను సంతకం పెట్టాలి. మడిచి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం కార్మిక సంఘం మీటింగు. మా హాలు ఇప్పుడు సిమెంటు గోడౌన్. మెట్ల మీదే కూర్చున్నాం. పర్మనెంటు వాళ్ళం పై మెట్ల మీద, కాంట్రాక్టు వాళ్ళు కింద నేల మీద. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

సంఘం కార్యదర్శి కసోండె నా స్నేహితుడు. నాతోపాటే పనిలో చేరాడు. "సంతకం పెట్టెయ్ కటొంగో," అన్నాడు. "వాడు మన మెంబరు కాదు. పోయినోడికోసం ఉన్నోళ్ళ పొట్ట కొట్టుకుంటామా?"

కింది నుంచి ఎంపుండు అనే డ్రిల్లరు నవ్వాడు. "హాల్లో సిమెంటు పోశారు గదా, మీరూ బాగానే గట్టిపడ్డారన్నా."

"నోరు జాగ్రత్త. మీకోసం నిలబడితే రేపు మమ్మల్నీ తీసేసి కాంట్రాక్టులో కలుపుతారు."

"కలుపుతారు. నిలబడకపోయినా కలుపుతారు. నిలబడితే అప్పుడు పక్కన మేమన్నా ఉంటాం."

జేబులో కాగితాన్ని నా వేళ్ళు ఇంకా ఇంకా చిన్నగా మడుస్తున్నాయి.

మరుసటి పొద్దున కాంట్రాక్టు వాళ్ళు వరసగా బోర్డు ముందు నిలబడ్డారు. ఒక్కొక్కడి చేతిలో ఒక బీరుసీసా మూత. రాయితో చదును చేసి, మేకుతో పేరు గీకి, తీగ కట్టారు. లొంబె పేరున్న మొదటి మూత చిసెంగా వాళ్ళమ్మ తగిలించింది.

"ఆయన ఇత్తడి బిళ్ళ నా చేతికి వచ్చేదాకా ఇది ఇక్కడే ఉంటది," అంది.

"లెక్కపెట్టన్నా," అన్నాడు ఎంపుండు.

లెక్కపెట్టాను. ప్రతి పేరూ చదివాను. మూడేళ్ళలో మొదటిసారి ప్రతి మొహాన్నీ చూశాను. చూపు తిప్పుకోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

రెండింటికల్లా అందరూ పైకి వచ్చారు. బిళ్ళలు పోయాయి, మూతలు పోయాయి. ఒక్కటి మిగిలింది. మందు పేల్చే ఆఫీసు నుంచి ఫోను మోగింది.

"ఖాళీయేనా?"

"కాదు. ఒకటుంది."

"ఎవడు?"

"లొంబె."

"వాడు చచ్చాడు కదయ్యా."

"బిళ్ళ ఇప్పించండి. ఆమె ఆ మూత తీసుకెళ్తుంది."

పోలీసులు వచ్చేసరికి నారింజ బట్టల వాళ్ళంతా బోర్డు చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. మా పర్మనెంటు వాళ్ళలో ఏడుగురే ఆగారు. మిగతావాళ్ళు బిళ్ళలు జేబులో వేసుకుని, నేల చూస్తూ గేటు దాటారు. లాఠీలు లేచాయి. ఎంపుండు తల పగిలింది. నన్ను జీపు ఎక్కిస్తుండగా కసోండెను తెచ్చి నా స్టూలు మీద కూర్చోబెట్టారు. చేతికి ఫోను ఇచ్చారు. వాడు నావైపు చూడలేదు.

మందు పేలితే స్టేషను కిటికీ అద్దం కూడా అదురుతుంది. దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. రెండున్నర అయింది. మూడు అయింది. అద్దం కదల్లేదు.

ఐదింటికి తలుపు తెరిచి కసోండెను లోపలికి నెట్టారు. వాడు దూరంగా, అవతలి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఖాళీ అనలేదా?" అన్నాను.

"నోరు రాలేదు." చాలాసేపు పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు. "సంబరపడకు. రేపు ఇంకెవడినో కూర్చోబెడతారు."

"కూర్చోబెట్టనీ. వాడు ముందు ఆ మూత తియ్యాలి. తియ్యాలంటే పేరు చదవాలి."